మిగిలేదెంతో తేలాకే ప్రణాళిక: ఒక గ్రామ పంచాయతీ కేస్ స్టడీ

పంచాయతీ ప్రణాళిక పనిచేసిందా లేదా అన్నది దాన్ని రాసిన ఏడాదిలో తెలియదు. రాయించిన సర్పంచ్ దిగిపోయి, కార్యదర్శి మారి, నిధులు కొన్నాళ్లు ఆగిపోయాక ఊళ్లో ఇంకా ఏది నడుస్తోందో చూస్తే తెలుస్తుంది. తెలంగాణ పంచాయతీలకు ఈ పరీక్ష నిజంగానే ఎదురైంది. 2019 జనవరి ఎన్నికల్లో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో దాదాపు రెండేళ్లు, సర్పంచ్‌ల స్థానంలో ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేనందువల్ల కేంద్ర ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగిపోయాయి. అప్పటిదాకా రాసుకున్న ప్రణాళికల్లో ఏది గట్టిదో, ఏది కాగితమో ఆ రెండేళ్లే తేల్చి చెప్పాయి.

పంచాయతీ ప్రతినిధులకు, కార్యదర్శులకు ప్రణాళిక తయారీలో శిక్షణ ఇవ్వడం నా పని. కొన్ని ఊళ్లలో శిక్షణతో ఆగకుండా వెంట ఉండి చేయిస్తుంటాను కూడా. ఇక్కడ రాస్తున్నది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అలా వెంట ఉన్న ఒక గ్రామ పంచాయతీ గురించి. అక్కడివాళ్లు నాతో దాపరికం లేకుండా మాట్లాడారు. ఆ మాటల వల్ల ఎవరికీ ఇబ్బంది రాకూడదని ఊరి పేరు రాయడం లేదు.

రెండు వేలలోపు జనాభా. ఊరు కాస్త ఏటవాలు మీద ఉంటుంది. ఎత్తున పాత ఊరు, బస్టాండు, బడి; కిందికి దిగితే ఎస్సీ కాలనీ; అక్కడి నుంచి చేలు దాటితే ఒక చిన్న తండా. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో 4,383 కొత్త పంచాయతీలు వచ్చాయి, వాటిలో తండాలూ గూడేలూ చాలానే ఉన్నాయి. కానీ ఈ తండా జనాభా సరిపోక ఈ పంచాయతీలోనే ఉండిపోయింది. సర్పంచ్ ఒక వర్గం, ఉప సర్పంచ్ ఇంకో వర్గం. తెలంగాణ చట్టం ప్రకారం చెక్ పవర్ ఇద్దరికీ కలిపి ఉంటుంది కాబట్టి ఒకరు సంతకం పెట్టకపోతే పైసా కదలదు.

మొదట 2019లో తయారైన ప్రణాళిక గురించి చెప్పాలి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అందరూ అనే మాటలో జీపీడీపీ, 14వ ఆర్థిక సంఘం కాలంలో 2015 నుంచి తప్పనిసరి అయింది. ఆ సంఘం 2015-20కి దేశంలోని గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల రూపాయలకు పైగా సిఫార్సు చేసింది. అంత డబ్బు నేరుగా ఊళ్లకు వెళ్తున్నప్పుడు ఊరి ప్రణాళిక ఉండాలనడం సబబే. ఆర్థికాభివృద్ధికి, సామాజిక న్యాయానికి పంచాయతీలు ప్రణాళికలు వేసుకోవాలని రాజ్యాంగంలోని 243జి అధికరణం 1993 నుంచే చెబుతోంది. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలుపెట్టి దేశమంతా ప్రణాళిక ప్రచారం కూడా నడుస్తోంది.

ఈ ఊళ్లో ఆ ఏడాది గ్రామసభ జరిగింది, తీర్మానాలు రాశారు, ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించారు. తీసి చదివితే వార్డుకో సీసీ రోడ్డు ముక్క, వార్డుకో సైడు కాలువ, రెండు కమ్యూనిటీ హాళ్లు, ఒక కొత్త ట్యాంకు, బడికి ప్రహరీ. అన్నింటి అంచనాలూ కలిపితే పంచాయతీకి ఏటా వచ్చే డబ్బుకు ఎన్నో రెట్లు. వార్డు మెంబర్లు ఎవరి వార్డు పేరు వాళ్లు రాయించుకున్నారు. అది తప్పని నేను అనను. ప్రతినిధిగా గెలిచినవాళ్లు తమ వాడకట్టు కోసం అడగాల్సిందే. కాకపోతే అందరివీ రాసుకోవడంతోనే పని ముగిసింది. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు మన చేతిలో లేదు అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ గ్రామసభకు జనం పెద్దగా రాలేదు. నేను ఇళ్లకు వెళ్లి అడిగితే చాలామంది ఒకటే మాట చెప్పారు: ఇదివరకే రాయించుకుపోయారు కదా అని. 2014లో ‘మన ఊరు - మన ప్రణాళిక’, మరుసటి ఏడాది ఆగస్టులో ‘గ్రామజ్యోతి’. రెండు సార్లూ ఊళ్లలో కూర్చుని జనాన్ని అడిగి రాసుకున్నారు. రాయించినవాటిలో ఎన్ని వచ్చాయో జనానికి గుర్తుంటుంది. ప్రణాళికల మీద నమ్మకం పోవడానికి ప్రజల ఉదాసీనత కారణమని శిక్షణ తరగతుల్లో తరచూ వింటుంటాను. నేను చూసినంతవరకు అది ఉదాసీనత కాదు. జ్ఞాపకం.

ఈలోగా 2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, దాని వెనకే పల్లె ప్రగతి. రాష్ట్రం మొత్తంమీద పంచాయతీలకు నెలకు 339 కోట్లు విడుదల చేయడం మొదలుపెట్టారు. ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, నర్సరీ, పల్లె ప్రకృతి వనం: ఈ జాబితా ఏ ఊళ్లోనూ తయారు కాలేదు, పైనుంచి వచ్చింది. ఈ ఊరి జీపీడీపీలో వీటిలో ఒక్కటి కూడా లేదు. అయినా అన్నీ జరిగాయి. ఎందుకు జరిగాయన్నది నిజాయితీగా ఒప్పుకోవాలి. నెలనెలా డబ్బు వచ్చింది. ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శి ఉండాలన్న లక్ష్యంతో 9,355 జూనియర్ కార్యదర్శుల పోస్టులు నింపడం మొదలైంది. తనిఖీలు జరిగాయి, మొక్కలు 85 శాతం బతక్కపోతే అడిగేవాళ్లు ఉన్నారు. డబ్బు, మనిషి, అడిగేవాడు: ఈ మూడూ ఉంటే పైనుంచి వచ్చిన ప్రణాళికైనా నడుస్తుంది. ఈ ఊరి శ్మశానంలో అంతకుముందు నీడ లేదు, నీళ్లు లేవు. వానాకాలంలో దహనం చేయడం ఎంత కష్టమో ఆ ఊరివాళ్లను అడగాలి. వైకుంఠధామం కట్టడం వాళ్లకు చాలా పెద్ద మేలు.

ఒక ఇబ్బంది కూడా వచ్చిపడింది. కట్టిన ప్రతిదానికీ నెలనెలా ఖర్చు ఉంటుంది. ట్రాక్టరుకు కిస్తీ, డీజిలు, డ్రైవరు. ఐదు వందల జనాభాకు ఒకరి చొప్పున మల్టీపర్పస్ కార్మికులు, అప్పట్లో ఒక్కొక్కరికి నెలకు 8,500. వీధి దీపాల కరెంటు బిల్లు, బోరు మోటార్ల కరెంటు బిల్లు. నర్సరీకి నీళ్లు. ఇవన్నీ పోయాక కొత్త పనులకు ఏం మిగులుతుందో లెక్క కట్టకుండానే మళ్లీ ఏడాది జీపీడీపీలో అవే రోడ్లు, అవే కాలువలు, తేదీ మార్చి ఎక్కించారు.

మార్పు 2021లో, 2021-22 ప్రణాళిక తయారీ దగ్గర మొదలైంది. గ్రామసభ పెట్టడానికి ముందు పంచాయతీ ఆఫీసులో సర్పంచ్, ఉప సర్పంచ్, వార్డు మెంబర్లు, కార్యదర్శి, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య (వీఓ) అధ్యక్షురాలు కూర్చున్నారు. ఆ రోజు అవసరాల జాబితా ఎవరినీ అడగలేదు. క్యాష్‌బుక్ తెరిపించాను. ఒక పెద్ద చార్టు మీద ఎడమ పక్క ఏడాదికి వచ్చేది రాశాం: ఇంటి పన్ను, ఇతర పన్నులు, రాష్ట్ర నిధులు, కేంద్ర ఆర్థిక సంఘం నిధులు. కుడి పక్క తప్పనిసరిగా పోయేది: జీతాలు, కిస్తీ, డీజిలు, కరెంటు, బ్లీచింగ్ పౌడరు, బల్బులు, మోటారు రిపేర్లు, మొక్కలు పెంచే హరితహారానికి చట్టం చెప్పిన పది శాతం. కార్యదర్శి ఒక్కో అంకె చదువుతుంటే ఉప సర్పంచ్ స్కెచ్ పెన్నుతో రాశాడు. మోటారు రిపేర్ల దగ్గర కొంత గొడవ అయింది. బిల్లులు తీసి చూస్తే ఒకే మోటారు ఏడాదిలో పదేపదే రివైండింగ్‌కు వెళ్లింది. కొత్తది కొంటే నయమని అక్కడే తేలింది. ఏ రిపేరూ ప్రణాళికలో ఎప్పుడూ ఒక పద్దుగా లేకపోవడం వల్ల అంత ఖర్చవుతోందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత నిధుల షరతులు చదివాం. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి ఇచ్చే ప్రతి వంద రూపాయల్లో 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 మాత్రమే ఊరి ఇష్టం, అదీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. అంటే అందరూ అడిగే రోడ్లు, హాళ్లు, ప్రహరీలు అన్నీ ఆ నలభైలోనే సర్దుకోవాలి. నీళ్లకు, చెత్తకు ఉన్న అరవై గురించి మాత్రం గ్రామసభలో ఎవరూ మాట్లాడటం లేదు.

చివర్లో తీసివేత చేసి మిగిలింది రాశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. “గింతేనా సార్?” అన్నాడు సర్పంచ్. “గింతే ఉంటే నేను ఊరంతా తిరిగి ఏం చెప్పిన?” అని కూడా అన్నాడు. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ. ఎన్నికల్లో చెప్పినవన్నీ ఆయన మనసులో తిరుగుతున్నాయని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఉప సర్పంచ్, అప్పటిదాకా సర్పంచ్‌తో సరిగా మాటలు లేని మనిషి, “నీ ఒక్కని లెక్క కాదన్నా, పంచాయతీ లెక్క గింతనే. ఎవరున్నా గింతనే” అన్నాడు. లెక్క గోడ మీద ఉండటంతో ఇద్దరి మధ్య తగాదాకు మేత తగ్గింది. ఆ ఏడాది ప్రణాళికకు అసలు పునాది ఆ చార్టే అని నా అభిప్రాయం. దాన్ని గ్రామసభ రోజు బయట గోడకు అంటించారు.

వార్డులవారీగా పంచుకుందామన్న మాట గ్రామసభలో మళ్లీ వచ్చింది. మిగిలిన కొద్ది డబ్బును వార్డులకు సమానంగా పంచితే ఒక్కో వార్డుకు పది గజాల రోడ్డు వస్తుంది. తండా నుంచి వచ్చిన మహిళా వార్డు మెంబరు లేచి, “మాకు రోడ్డు వద్దు సార్. నల్లా వస్తే సాలు. నీళ్లు లేని ఇంటి ముందట సీసీ రోడ్డు ఏం జేసుకుంటం?” అంది. ఎస్సీ కాలనీ ఆడవాళ్లు ఆమెకు వంత పాడారు. పాత ఊరివాళ్లకు ఈ సమస్య ఉన్నట్టే తెలియదు, వాళ్ల నల్లాల్లో నీళ్లు బాగానే వస్తున్నాయి. ఒకే ఊళ్లో సగం మందికి తెలియని కరువు ఇంకో సగం అనుభవిస్తోంది.

కొత్త ట్యాంకు కట్టాలన్నది అప్పటిదాకా అందరూ చెబుతున్న పరిష్కారం. ట్యాంకు కట్టే డబ్బు పంచాయతీ దగ్గర ఎప్పటికీ ఉండదు కాబట్టి ఆ పని ఏటా ప్రణాళికలో ఎక్కుతూ, ఏటా అక్కడే ఉండిపోతోంది. అందుకే ట్యాంకు మాట పక్కనపెట్టి నీళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో చూద్దామన్నాను. ఇంటింటికీ తాగునీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకం కింద మనిషికి రోజుకు వంద లీటర్లు లెక్క. ట్యాంకులోకి ఎంత నీరు ఎక్కుతోందో వాటర్‌మ్యాన్ చేత కొన్నాళ్లు రాయించాం. ఊరి జనాభాకు ఆ నీరు చాలు, అటూ ఇటూగా సరిపోతోంది. అయితే నీళ్లు ఏమవుతున్నట్టు?

వాటర్‌మ్యాన్‌తో కలిసి పైపు వెంట నడిచాం. ఆయన వెంట ఇద్దరు ఆడవాళ్లు, కార్యదర్శి, నేను. ట్యాంకు దగ్గర ఒక గేటు వాల్వు, బడి మూల మీద ఒకటి, కాలనీకి దిగే మలుపులో ఇంకోటి. ఆ మూడోది తుప్పు పట్టి సగంలో బిగుసుకుపోయింది. దాని మీద మట్టి పేరుకుని, ఎవరో పైన బండ పెట్టేశారు. అక్కడ వాల్వు ఉందన్న సంగతి వాటర్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రెండో కారణం ఇంకా ఇబ్బందికరమైనది. ఎత్తున ఉన్న కొన్ని ఇళ్లలో నల్లాకు నేరుగా మోటారు బిగించుకున్నారు. నీళ్లు వదిలిన గంటసేపూ ఆ మోటార్లు లాగేస్తుంటే కింది కాలనీకి సన్నటి ధార, తండాకు గాలి. మోటార్లు ఎవరి ఇళ్లలో ఉన్నాయో ఊరంతా తెలుసు, వాళ్లలో ఊరి పెద్దలూ ఉన్నారు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు.

ఆ ఏడాది నీళ్ల పద్దు కింద చేసిన పని వినడానికి చాలా చిన్నది. బిగుసుకున్న వాల్వు మార్చడం, తండా లైను మీద కొత్తగా ఒక వాల్వు పెట్టడం, నీళ్లు వదిలే వేళలను పాత ఊరు, కాలనీ, తండా అని మూడుగా విడగొట్టడం, మొదటి వంతు తండాకు ఇవ్వడం, నల్లాకు మోటారు బిగించకూడదని గ్రామసభ తీర్మానం చేయడం. ఇందులో ఖర్చు వాల్వులకే, అది నీళ్ల కోసం కట్టేసిన ముప్పై శాతంలోనే సరిపోయింది. మిగతాదంతా నిర్ణయం. ఆ నిర్ణయం లేకనే అంతకుముందు ఎన్ని ప్రణాళికలు రాసినా తండాకు నీళ్లు రాలేదు.

మోటార్లు తీయించడానికి కొన్ని నెలలు పట్టింది. మొదట సర్పంచ్ తన బంధువుల ఇంట్లో ఉన్నది తీయించాడు. ఆ తర్వాత మిగతావాళ్లు తీశారు, ఒకరిద్దరు రాత్రిళ్లు మళ్లీ పెట్టుకున్నారు కూడా. మహిళా సంఘం వాళ్లు వంతుల బోర్డు రాసి పంచాయతీ గోడకు, తండాలో బడి గోడకు వేలాడదీశారు. ఏ పూట నీళ్లు రాకపోయినా వాటర్‌మ్యాన్ చెప్పే సాకు కాక, బోర్డు మీద ఉన్న వేళే ప్రమాణం అయింది. ఈ పని బాధ్యత ఫలానావాళ్లదని ప్రణాళికలో పేరుతో సహా రాయించాం. వాల్వులు వాటర్‌మ్యాన్‌వి, బోర్డు వీఓది, మోటార్ల ఫిర్యాదు ఉప సర్పంచ్‌ది. పోర్టల్‌లో ఈ పేర్లు రాయడానికి గడి లేదు. అందుకే తీర్మానాల రిజిస్టరులో రాశారు.

పనికో పేరు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. వరంగల్ దగ్గర గంగదేవిపల్లి పేరు తెలుగువాళ్లలో చాలామంది వినే ఉంటారు. అక్కడ నీళ్లకో కమిటీ, పారిశుద్ధ్యానికో కమిటీ అంటూ పని పనికీ ఊరివాళ్లతోనే కమిటీలు వేసుకున్నారు. గ్రామజ్యోతిని ఆ ఊరి నుంచే మొదలుపెట్టడానికి కారణం కూడా అదే. 2018 చట్టం కూడా ప్రతి పంచాయతీలో స్థాయీ సంఘాలు పెట్టమంది. చాలా చోట్ల అవి రిజిస్టరులో పేర్లుగానే ఉండిపోయాయి. ఈ ఊళ్లోనూ చాలావరకు అంతే. వాల్వు, బోర్డు, ఫిర్యాదు అన్నంత చిన్న పనికి పేరు రాసినప్పుడు మాత్రం మనుషులు కదిలారు. ‘పారిశుద్ధ్య కమిటీ సభ్యుడు’ అంటే ఏం చేయాలో ఎవరికీ అర్థం కాదు. ‘మూడో వాల్వు నీది’ అంటే అర్థమవుతుంది.

మిగతా వార్డుల రోడ్ల మాట ఏమైందంటే, వరుస రాసుకున్నారు. ఈ ఏడాది కాలనీ, వచ్చే ఏడాది బస్టాండు వీధి, ఆపై ఏడాది పాత ఊరి వెనక వాడ. రాసుకున్న వరుసలో రెండో ఏడాది దాకా నిలబడ్డారు. మూడో ఏడాది ఒక ఎత్తిపొడుపు, ఒక అలక, కాస్త అటూ ఇటూ మారింది. అయినా ‘నీకు లేదు’ అనడానికీ ‘నీది తర్వాత’ అనడానికీ తేడా ఎంతో ఆ ఊళ్లో చూశాను. తర్వాత అన్నది రాతలో ఉంటే మనుషులు ఓపిక పడతారు.

చెత్త విషయంలో ప్రణాళిక ఫలించలేదు. ట్రాక్టరు రోజూ తిరిగింది, వీధులు శుభ్రపడ్డాయి, ఆ ఏడు వానాకాలంలో కాలువల్లో నీళ్లు నిలవలేదు. కానీ తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్నది ఎక్కడా నిలబడలేదు. ఇళ్లకు రెండు రంగుల బుట్టలు పంచారు. నేను వెళ్లినప్పుడు వాటిలో ఒకటి చాలా ఇళ్లలో బియ్యానికో, ఉల్లిగడ్డలకో వాడుతున్నారు. వేరు చేసి ఇచ్చిన కొద్దిమంది చెత్త కూడా ట్రాలీలో ఒకటే కుప్ప అయ్యేది, ఎందుకంటే ట్రాలీలో అర పెట్టించలేదు. కంపోస్టు షెడ్డు కట్టిన కొన్నాళ్లకే అందులో పాత పైపులు, నర్సరీ కవర్లు చేరాయి. ఉన్న ముగ్గురు నలుగురు కార్మికులే ఊడ్చాలి, కాలువలు తీయాలి, మొక్కలకు నీళ్లు పోయాలి, బల్బులు మార్చాలి. చెత్త ఏరడానికి వాళ్లకు పొద్దు చాలదు. షెడ్డు కట్టడం ప్రణాళికలో ఉంది, షెడ్డులో రోజూ రెండు గంటలు పనిచేసే మనిషి ఎవరన్నది లేదు. ఈ తేడా నీళ్ల పనితో పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకెవరూ వివరించనక్కర్లేదు.

పన్ను వసూలు మెరుగుపడింది. దీన్ని విడిగా ప్రణాళికలో పెట్టలేదు. తండాలో నల్లా వచ్చిన ఏడాది తండావాళ్లు అడక్కుండానే కట్టారని కార్యదర్శి చెప్పింది. పాత ఊరివాళ్లు ఎప్పటిలాగే మార్చి దాకా ఆగారు.

ఇక 2024 ఫిబ్రవరి తర్వాత. ఊరికి ప్రత్యేకాధికారి వచ్చారు, ఆయనకు వేరే శాఖలో సొంత పని ఉంది, ఇంకా కొన్ని ఊళ్ల బాధ్యతా ఉంది. నిధులు రాలేదు. ట్రాక్టరుకు డీజిలు పోయించడానికే కార్యదర్శి నానా తంటాలు పడింది. చేతి డబ్బు పెట్టిన నెలలు ఉన్నాయని చెప్పింది. అలాంటి మాటలు ఆ రెండేళ్లలో ఎన్నో మండలాల్లో విన్నాను. మాజీ సర్పంచ్ చేసిన పనుల బిల్లులు కొన్ని రాలేదు. ఆయన అప్పు తెచ్చి పెట్టిన డబ్బు అది. ప్రణాళిక ప్రకారం పని చేసిన మనిషికి ఇలా జరిగితే రేపు ఇంకో మనిషి ప్రణాళికను ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నకు నేను శిక్షణ తరగతిలో జవాబు చెప్పలేను. జవాబు డబ్బు విడుదల చేసేచోట ఉంది.

ఆ రెండేళ్లలో నర్సరీ ఎండింది. ప్రకృతి వనంలో నీళ్లు పోయకపోయినా బతికే చెట్లు బతికాయి. చెత్త బండి రోజూ తిరగడం పోయి వారానికి రెండు మూడు సార్లకు వచ్చింది. వైకుంఠధామంలో బోరు చెడిపోయింది. ఇవన్నీ నెలనెలా డబ్బు అడిగే పనులు. నీళ్ల వంతులు మాత్రం ఆగలేదు. వాటర్‌మ్యాన్ అదే వరుసలో వాల్వులు తిప్పాడు, మొదటి వంతు తండాదే. ఎండాకాలంలో ఒకసారి పాత ఊరివాళ్లు వరుస మార్చాలని చూస్తే సంఘం ఆడవాళ్లు బోర్డు ముందు నిలబడి ఒప్పుకోలేదు. సర్పంచ్ లేడు, ప్రణాళిక రాసిన కార్యదర్శి తర్వాత బదిలీ అయింది, నేనూ అక్కడ లేను.

దీన్నుంచి, డబ్బు లేకుండా నడిచే పనులే ప్రణాళికలో పెట్టుకోవాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. శ్మశానానికి నీళ్లు కావాలి, కార్మికులకు జీతం కావాలి, వాటికి డబ్బే కావాలి. స్థానిక ప్రణాళిక బాగా పాతుకుపోయిన కేరళను చూడండి. 1996లో జన ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే ప్రకటించారు. అక్కడ రాష్ట్ర బడ్జెట్‌తో పాటు నాలుగో అనుబంధం అని ఒక పుస్తకం వస్తుంది, ఏ పంచాయతీకి ఎంతో అందులో పేరు పేరునా ఉంటుంది. ఆ పుస్తకం తెరిచి ఊరివాళ్లు ప్రణాళిక రాసుకుంటారు. మన దగ్గర గ్రామసభ ముందు, అంకె తర్వాత. ఒక్కోసారి అంకె అసలు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒక్క రోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిగాయి. అంత పెద్ద ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగం ప్రతి సభలో ఆ ఊరికి ఈ ఏడాది వచ్చే డబ్బెంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వగలదు. తెలంగాణలోనూ అంతే. రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని చట్టంలో రాసుకున్న రాష్ట్రం ఇది.

పోర్టల్‌ల వల్ల మేలు జరగలేదని కాదు. 2020లో వచ్చిన ఈ-గ్రామస్వరాజ్‌లో ప్రణాళికలో లేని పనికి ఆర్థిక సంఘం డబ్బు చెల్లించడం కష్టం, ఎవరికెంత వెళ్లిందో ఎవరైనా చూడొచ్చు. అది మంచి కట్టడి. దాని వెంటే ఇంకో అలవాటు కూడా వచ్చింది: ఎప్పుడు ఏ పనికి డబ్బు వస్తుందో తెలియదు కాబట్టి అన్ని పనులూ ఎక్కించి ఉంచడం. నేను చూసే ప్రణాళికల్లో సగానికి పైగా పనులు ఇలా ‘ఎందుకైనా మంచిది’ అని రాసినవే. కార్యదర్శులను తప్పుపట్టలేం. అంకె ముందుగా తెలియనప్పుడు ఎవరైనా చేసేది అదే.

2025 డిసెంబరులో ఈ ఊరికి కొత్త సర్పంచ్ వచ్చింది, చిన్న వయసు, డిగ్రీ చదువుకుంది. రిజర్వేషన్ మారడంతో పాతాయనకు పోటీ చేసే వీలు లేకపోయింది. ఆమె నన్ను పిలిచినప్పుడు మొదట అడిగింది గ్రామసభ ఎలా పెట్టాలని. దానికన్నా ముందు క్యాష్‌బుక్ తెరుద్దామన్నాను. ఈసారి చార్టు మీద ఒక గడి ఎక్కువైంది: కట్టిన ప్రతి ఆస్తికీ ఏడాదికి ఎంత ఖర్చు, ఆ డబ్బు ఏ పద్దు నుంచి, రెండు నెలలు నిధులు ఆగితే దాన్ని ఎవరు ఎలా నడుపుతారు. వైకుంఠధామం బోరు దగ్గర మూడో ప్రశ్నకు చాలాసేపు జవాబు దొరకలేదు. చివరికి ఇంటి పన్నులోంచి ఒక చిన్న మొత్తం ప్రతి ఏడాది మార్చిలోనే రిపేర్ల పేరున పక్కన పెట్టాలని రాసుకున్నారు. ఎంత మొత్తమన్నది గ్రామసభలో తేలాలి.

2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. ఐదేళ్ల పాలకవర్గం, ఐదేళ్ల నిధుల కాలం దాదాపు కలిసి నడవడం తెలంగాణ పంచాయతీలకు ఇప్పుడు దొరికిన మంచి వీలు. ఐదేళ్ల వరుస ఒక్కసారే రాసుకోవచ్చు. ఈ ఊరు ఆ వరుసలో మొదటి ఏడాదికి రెండు పనులే పెట్టుకుంది. ఒకటి వైకుంఠధామం బోరు. రెండోది తడి, పొడి చెత్త వేరు చేయడం, ఊరంతా కాకుండా ఒక్క కాలనీలో. ట్రాలీకి మధ్యలో రేకు అర పెట్టించడానికి మండల కేంద్రంలో వెల్డింగ్ షాపులో ధర అడిగి వచ్చారు. కంపోస్టు షెడ్డులో పైపులు తీసేశాక రోజూ పొద్దున రెండు గంటలు పనిచేయడానికి కాలనీలో ఒకామె ఒప్పుకుంది. ఆమెకు ఇచ్చే కూలి ఏ పద్దు కింద చూపాలన్నది కార్యదర్శి మండల ఆఫీసుకు రాసింది, ఇంకా జవాబు రావాలి.